మెడలో డయాలసిస్ లైన్ కరోటిడ్‌లోకి వెళ్లింది: ట్యూబ్ పీకాలా, ఉంచాలా?

మత్తు_పీజీ (మంగళవారం, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. అనస్థీషియా రెండో ఏడాది పీజీని. ఐదు రోజులుగా సరిగా నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను. ఆసుపత్రి పేరు, పేషెంట్ వివరాలు చెప్పను.

అరవై దాటిన పెద్దాయన. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి కిడ్నీలు ఆగిపోయాయి. పొటాషియం పెరిగిపోతోంది, డయాలసిస్ ఆ రాత్రే కావాలన్నారు. బీపీ పెంచే నార్‌ఎడ్రినలిన్ నడుస్తున్నా బీపీ 80/50. మాస్కుతో ఆక్సిజన్ పెట్టినా శాచురేషన్ 84 దాటలేదు. అల్ట్రాసౌండ్ మిషన్ రేడియాలజీ గదిలో ఉంది, ఆ గదికి రాత్రి తాళం. కుడి మెడలో చేతి అంచనాతోనే సూది వేశాను. రెండోసారికి రక్తం వచ్చింది. నల్లగా ఉంది, ఎగదన్నలేదు. సిరే అనుకున్నాను. సూదిలోంచి ట్యూబ్‌కి దారి చూపే వైరు సాఫీగా దిగింది. దారి వెడల్పు చేసే డైలేటర్ వేసి 12 ఫ్రెంచ్ కేథటర్ (డయాలసిస్ ట్యూబ్) ఎక్కించేశాను.

ఫ్లష్ చెయ్యబోయిన సిస్టర్ చెయ్యి ఆగిపోయింది. "మేడం, సిరంజి పిస్టన్ దానంతట అదే వెనక్కి వస్తోంది" అంది. ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ తగిలిస్తే మానిటర్ మీద ఆర్టరీ (ధమని) తరంగం. మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ ధమనిలో, కరోటిడ్‌లో ఉన్నాను.

గదిలో ఉన్న ఒక సీనియర్ "పీకేసి గట్టిగా నొక్కి పట్టుకో" అన్నారు. అప్పుడే ఫోన్‌లో దొరికిన మా ప్రొఫెసర్ "దాని మీద చెయ్యి వెయ్యకండి, అలాగే ఉంచి వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ దగ్గరికి పంపండి" అన్నారు. ఆవిడ మాటే విన్నాం. డయాలసిస్ ఆగే వీల్లేదు కాబట్టి తొడలో ఇంకో లైన్ పెట్టి, పొటాషియం కాస్త దింపి, అంబులెన్స్ ఎక్కించాం. రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలూ ఆయన కుడి మెడ మీద నుంచి నా చూపు తిప్పలేదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ నిమిషంలో ఏది సరైన పని, ఎందుకు? పుస్తకంలో నాలుగు లైన్లు ఉన్నాయి, అవి నాకు చాలడం లేదు.

పాత_మత్తు_డాక్టర్ (బుధవారం, ఉదయం 6:10)

అమ్మా, ముందు ఒక మాట. అంచనాతో సూది వేసినప్పుడు ఆర్టరీకి తగలడం అరుదైన సంగతి కాదు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సమీక్ష చూడు. మెడ సిరకి ప్రయత్నిస్తే 6.3 నుంచి 9.4 శాతం, కాలర్ ఎముక కింద 3.1 నుంచి 4.9 శాతం, తొడలో 9 నుంచి 15 శాతం వరకు ఆర్టరీకి సూది తగులుతుందని అందులో ఉంది. ముప్పై ఏళ్లలో నాకూ ఎన్నోసార్లు తగిలింది.

అయితే సూది తగలడం, ట్యూబ్ దిగడం రెండూ వేర్వేరు ప్రమాదాలు. మనం వాడే 18 గేజ్ సూది రంధ్రం మిల్లీమీటరు పైచిలుకు. సూది తీసి పది పదిహేను నిమిషాలు వేళ్లతో నొక్కితే ఆర్టరీ గోడ తనే మూసుకుంటుంది. వైరు దాకా వెళ్లి ఆగినా అంతే, తీసి నొక్కొచ్చు. డైలేటర్ దిగిందంటే కథ మారిపోతుంది. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. నీ 12 ఫ్రెంచ్ ట్యూబ్ 4 మిల్లీమీటర్లు. కరోటిడ్ వెడల్పే ఆరేడు మిల్లీమీటర్లు. అంటే సగం పైగా వెడల్పున్న రంధ్రం, లోపల పెద్ద ప్రెషర్. ప్రస్తుతానికి దానికి బిరడా ఆ ట్యూబే. బిరడా పీకేస్తే ఏమవుతుందో నేను చూశాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఆపరేషన్‌కి ముందు 7 ఫ్రెంచ్ మూడు దారుల లైన్ కరోటిడ్‌లోకి పెట్టాను. తెలిసిన వెంటనే పీకేశాను, అప్పట్లో మాకు నేర్పిందదే. ఇరవై నిమిషాలు నొక్కాను. చెయ్యి తీస్తే బాగానే ఉందనిపించింది. అరగంటకి మెడ కమలాపండులా ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, శ్వాసనాళం ఎడమ పక్కకి జరిగిపోయింది. ఆ వాపులో ఊపిరి కోసం గొంతులోకి ట్యూబ్ వెయ్యడానికి ముగ్గురం కష్టపడ్డాం. ఆమె బతికింది. ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ పైకి లేవలేదు. నా పొరపాటు సూది దగ్గర లేదు. పీకిన దగ్గర ఉంది.

మీ ప్రొఫెసర్ చెప్పింది సరైన మాట.

ఐసీయూ_సిస్టర్ (బుధవారం, ఉదయం 8:25)

మేడం, పిస్టన్ వెనక్కి రావడం చూసి చెప్పిన ఆ సిస్టర్‌కి నా నమస్కారం. రాత్రి డ్యూటీలో డాక్టర్ గారితో "సార్, ఇది తేడాగా ఉంది" అనడానికి ఎంత ధైర్యం కావాలో మాకు తెలుసు.

రక్తనాళాల_సర్జన్ (బుధవారం, మధ్యాహ్నం 1:15)

ఇలాంటి పేషెంట్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఎలా వచ్చారన్న దాన్ని బట్టే మిగతాదంతా.

పీకొద్దనడం నా సొంత అభిప్రాయం కాదు. 2008లో మాంట్రియల్ సర్జన్లు తమ కేసుల్ని, అప్పటిదాకా పత్రికల్లో వచ్చిన కేసుల్ని కలిపి చూశారు. పెద్ద ట్యూబ్‌ని పీకి నొక్కిన వాళ్లలో 47 శాతం మందికి స్ట్రోక్, రక్తస్రావం, ఆర్టరీ గోడకి బుడగ లాంటి ఏదో ఒక ముప్పు వచ్చింది. ట్యూబ్ ఉంచి సర్జరీతోనో రక్తనాళం లోపలి నుంచో సరిచేసిన వాళ్లలో అవి లేవు. కేసులు కొద్దివే, అయినా తేడా మరీ పెద్దది. అమెరికన్ అనస్థీషియా డాక్టర్ల సంఘం 2012 మార్గదర్శకాల్లోనూ, 2020లో సవరించినప్పుడూ ఇదే చెప్పింది. పెద్దవాళ్లలో డైలేటర్ గానీ లావు కేథటర్ గానీ ఆర్టరీలోకి వెళ్తే అక్కడే ఉంచి వెంటనే సర్జన్‌నో, రక్తనాళం లోపలి నుంచి సరిచేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టునో పిలవాలి. చిన్నపిల్లల్లో కేసుని బట్టి.

మెడలో నొక్కడం ఎందుకు నమ్మకమైన పని కాదో ఊహించుకోండి. మీ వేళ్ల కింద గట్టి ఎముక సరిగా దొరకదు. మెత్తగా నొక్కితే రక్తం లోపలికి కారుతుంది, గట్టిగా నొక్కితే మెదడుకి రక్తం ఆగుతుంది. పైగా సూది చాలాసార్లు సిరని దాటుకుని ఆర్టరీలోకి దిగి ఉంటుంది. పీకితే రెండు నాళాలకీ రంధ్రాలు పక్కపక్కనే మిగులుతాయి. తర్వాత రెండూ కలిసిపోయి ఫిస్టులా (ఆర్టరీ నుంచి సిరకి అడ్డదారి) అవుతుంది. కాలర్ ఎముక కింద సబ్‌క్లేవియన్ ఆర్టరీ అయితే నొక్కే చోటే లేదు, రక్తం ఛాతీలోకి పోతుంది. అందులోంచి ట్యూబ్ లాగడం కంటే భయంకరమైన పని నాకు తెలియదు.

నాకు ఫోన్ చేసేవాళ్లు ఇవి చెబితే చాలు: ట్యూబ్ సైజు, ఎక్కడ దిగింది, ఎంతసేపైంది, ఆ లైన్‌లో ఏదైనా మందు ఎక్కించారా, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చారా, కాళ్లూ చేతులూ రెండు వైపులా కదులుతున్నాయా. అన్ని దారులకీ క్లాంపులు వేసి మూతలు పెట్టండి. దాంట్లోకి ఏ మందూ వద్దు. ఆ దారిన పోయే నార్‌ఎడ్రినలిన్ మెదడుకే వెళ్తుంది. ఆగిన ట్యూబ్‌ని బలంగా ఫ్లష్ చెయ్యొద్దు, చివర గడ్డ ఉంటే అదీ అటే పోతుంది. పేషెంట్ నిలకడగా ఉంటే సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) తీస్తాం, ఎక్కడ దిగిందో తెలుస్తుంది. మెడలో అందే చోటైతే తెరిచి, పైనా కిందా పట్టుకుని, ట్యూబ్ తీస్తూ ప్రోలీన్ కుట్లు వేస్తాం. ఎముక వెనకైతే తొడ నుంచి వెళ్లి బెలూన్, కవర్డ్ స్టెంట్, లేదా రంధ్రం మూసే పరికరం.

ఉంచమన్నాం కదా అని రేపటిదాకా ఉంచకూడదు. ట్యూబ్ చుట్టూ గడ్డ కడుతూనే ఉంటుంది. ఇది గంటల్లో తేలాల్సిన పని.

ఏరియా_ఆసుపత్రి (బుధవారం, రాత్రి 9:50)

అన్ని మాటలు మంచిగనే ఉన్నయి. మా దగ్గర వాస్క్యులర్ సర్జన్ అంటే 250 కిలోమీటర్లు. వానాకాలం వాగు పొంగితే తొవ్వే ఉండదు. రాత్రి రెండు గంటలకు 7 ఫ్రెంచ్ లైన్ తొడ ఆర్టరీల పోయిందనుకోండి, దానికి కూడా పీకొద్దంటరా? గుండె రక్తనాళాలు చూసే క్యాత్ ల్యాబుల రోజూ తొడ ఆర్టరీల పెట్టిన 6, 7 ఫ్రెంచ్ షీత్‌లు (గొట్టాలు) తీసి చేత్తోనే నొక్కుతున్నరు గదా. ఊరి డాక్టర్ చేస్తెనే తప్పా?

రక్తనాళాల_సర్జన్ (బుధవారం, రాత్రి 10:30)

తప్పని అనను. మీరడిగింది న్యాయమైన ప్రశ్న. తొడ ఆర్టరీ కింద తొడ ఎముక తల ఉంటుంది, దాని మీద వేసి నొక్కొచ్చు. క్యాత్ ల్యాబ్‌లో కుదురుతున్నది అందుకే. గజ్జ మడత దగ్గర సరైన చోట దిగి, 7 ఫ్రెంచ్ లోపుండి, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు బాగుంటే, నాతో ఫోన్‌లో మాట్లాడి మీరు తియ్యొచ్చు. నేను ఒప్పుకున్నవీ ఉన్నాయి.

ఇంకా పైన, పొత్తికడుపు వైపు దిగి ఉంటే మాత్రం వద్దు. అక్కడ రక్తం పొట్ట వెనక్కి చేరుతుంది, పైకి వాపే కనపడదు. నడుము నొప్పి అంటాడు, బీపీ పడిపోతుంది, అప్పటికి రెండు లీటర్లు పోయి ఉంటుంది. 12 ఫ్రెంచ్ అయితే తొడలో కూడా ఆగి నాకు ఫోన్ చెయ్యండి. మెడ, కాలర్ ఎముకల్లో 250 కిలోమీటర్లైనా ట్యూబ్‌తోనే పంపండి. వాగు దాటే దారి లేకపోయినా ట్యూబ్ ఉన్న మనిషికి టైము ఉంటుంది.

సిక్కోలు_నెఫ్రో (గురువారం, ఉదయం 7:05)

ఉద్దానం వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లనే రోజంతా చూస్తాను. తొడ గురించి ఒక చిన్న సంగతి కలుపుతాను, ఎందుకంటే కొత్త పిల్లలు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. సూది వాలుగా పైకి వెళ్తుంది కదా. చర్మం మీద రంధ్రం కింద, ఆర్టరీకి రంధ్రం దానికి ఒకటి రెండు సెంటీమీటర్లు పైన. చర్మం రంధ్రం మీద దూది ఒత్తి పెట్టుకుని కూర్చుంటే పైన లోపల రక్తం కారిపోతూనే ఉంటుంది. మూడు వేళ్లు పెట్టి, రంధ్రానికి పైన నాడి కొట్టుకునే చోట నొక్కాలి. మధ్యలో "ఆగిందా" అని ఎత్తి చూడకూడదు. గడియారం చూసుకుని నొక్కండి, మనసులో లెక్కపెట్టే పదిహేను నిమిషాలు నిజానికి ఐదే ఉంటాయి.

యూరియా ఎక్కువున్న వాళ్లలో ప్లేట్‌లెట్ల లెక్క బాగున్నా అవి అతుక్కోవు. అందుకని ఇంకాసేపు నొక్కుతాం, ఆ పూట డయాలసిస్ హెపారిన్ లేకుండా నడుపుతాం.

అసలు బాధ వేరే ఉంది. ఏళ్లుగా కిడ్నీ జబ్బున్న మనిషికి ముందుగానే డయాలసిస్ కోసం చేతిలో కావాలని ఆర్టరీని సిరకి కలిపే ఫిస్టులా చేయించి ఉంటే, అర్ధరాత్రి మెడలో సూదులతో వెతికే పని చాలామందికి రాదు. చెల్లీ, మీ పెద్దాయనది ఉన్నట్టుండి వచ్చిన జబ్బు కాబట్టి ఆయనకి ఇది వర్తించదు. నా దగ్గరికి వచ్చే సగం మందికి వర్తిస్తుంది.

ఐసీయూ_సిస్టర్ (గురువారం, మధ్యాహ్నం 3:40)

మా ఐసీయూలో ఒక అలవాటు ఉంది, రాస్తాను. లైన్ ట్రేలో 50 సెంటీమీటర్ల స్టెరైల్ ఎక్స్‌టెన్షన్ లైన్ ఒకటి తప్పకుండా పెడతాం. పెట్టకపోతే మా సార్ సూది ముట్టుకోరు. సిరలో ఉన్నామనుకున్నాక, వైరు మీదుగా సన్నటి ప్లాస్టిక్ క్యాన్యులా దింపి వైరు తీసేస్తారు. క్యాన్యులాకి ఆ లైన్ తగిలించి కిందికి వేలాడదీస్తే రక్తం నిండుతుంది. తర్వాత చివర పట్టుకుని నిటారుగా పైకి ఎత్తుతారు. సిర అయితే రక్తం కొంచెం పైకొచ్చి, జారి, ఒకచోట ఆగి ఊపిరితో పాటు ఊగుతుంది. ఆర్టరీ అయితే దిగదు, నాడితో పాటు ఎక్కుతూ పైనుంచి పొర్లిపోతుంది. ఒక్క నిమిషం పని. కరెంటు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు.

పాత_మత్తు_డాక్టర్ (గురువారం, సాయంత్రం 5:20)

సిస్టర్ చెప్పినదానికి లెక్క కూడా చూపిస్తాను. ఒక మిల్లీమీటరు పాదరసం అంటే 1.36 సెంటీమీటర్ల నీరు. మన పీజీ పేషెంట్ బీపీ 80/50, సగటు 60. అంటే 80 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. అంత షాక్‌లో ఉన్నా 50 సెంటీమీటర్ల ట్యూబ్ పొర్లిపోయి తీరాలి. సిర ప్రెషర్ మామూలుగా పది సెంటీమీటర్లు అటూ ఇటూ. గుండె కుడివైపు దెబ్బతిన్నా, వెంటిలేటర్ ప్రెషర్ ఎక్కువున్నా ఇరవై, పాతిక దాకా పోవచ్చు, పొర్లదు.

రంగు నమ్మొద్దు అనేది ఇందుకే. శాచురేషన్ 84 ఉన్న మనిషి ఆర్టరీ రక్తం నల్లగానే ఉంటుంది. బీపీ లేని మనిషికి సన్న సూదిలోంచి ఎగదన్నదు. ఆ రాత్రి నీ కళ్లు అబద్ధం చెప్పలేదమ్మా, ఆ రక్తమే అలా ఉంది.

బర్మింగ్‌హామ్_తెలుగు (గురువారం, రాత్రి 11:55)

ఇక్కడ 2002లోనే మెడ లైన్లకి అల్ట్రాసౌండ్ వాడమని, వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ చెప్పింది. ఇప్పుడు లేకుండా ఎవరూ వెయ్యరు. చాలా పరిశోధనల్ని కలిపి చూసిన 2015 కోక్రేన్ సమీక్షలో అల్ట్రాసౌండ్‌తో మెడలో ఆర్టరీకి సూది తగలడం 72 శాతం తగ్గింది. తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నేను స్వయంగా చూసినది: ప్రోబ్ అడ్డంగా పెట్టి సిర మధ్యలో తెల్ల చుక్క కనపడగానే అదే సూది మొన అనుకుంటాం. అది సూది ఒళ్లు. మొన అప్పటికే సిర వెనక గోడ దాటి కరోటిడ్‌లోనో వెన్నెముక పక్క ఆర్టరీలోనో ఉండొచ్చు. అందుకని వైరు వేశాక ప్రోబ్‌ని నిలువుగా తిప్పి, వైరు సిరలోనే కిందికి, కాలర్ ఎముక దాకా పోతోందని చూసి "వైరు సిరలో ఉంది" అని పైకే అంటాం. పక్కనున్న మనిషి కూడా చూసి అవునంటేనే డైలేటర్ విప్పుతాం.

ఏరియా_ఆసుపత్రి (శుక్రవారం, ఉదయం 6:45)

మిషన్ ఉంటే మేమెందుకు వాడం సార్. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి మిషన్ రిజిస్టర్ చేయించాలె, ఎవరు వాడుతున్నరో చూపాలె. ఆ చట్టం కావాల్సిందే, ఆడపిల్లల కోసం వచ్చింది. కానీ భయంతోటి మిషన్లన్నీ రేడియాలజీ గదిల తాళం ఏసి పెడుతున్నరు. ఐసీయూ పేరు మీద రిజిస్ట్రేషన్‌కు పెట్టుకునే తొవ్వ ఉన్నది, మేం పోయినేడు పెట్టుకున్నం. పీజీ మేడం, మీ సూపరింటెండెంట్‌ను అడగుండ్రి. అప్పటిదాకా సిస్టర్ చెప్పిన ట్యూబే మనకు దిక్కు. ఇయ్యాల మా ట్రేల పెట్టిస్త.

పేషెంట్_కొడుకు (శుక్రవారం, మధ్యాహ్నం 12:30)

నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి రెండేళ్ల కిందట మెడలో ఇలాగే అయింది, వేరే చోట. ఎవరూ చెప్పలేదు. మెడ వాచింది, "మామూలే" అన్నారు. మూడు వారాల తర్వాత ఆ చోట చెయ్యి పెడితే గుర్రు గుర్రుమంటోంది. ఇంకో ఊరు తీసుకెళ్తే ఆర్టరీకి బుడగ కట్టిందన్నారు. పొరపాటు జరిగిందని ఆ రోజే చెప్పి ఉంటే మేం ముందే చూపించేవాళ్లం. డాక్టర్ గారూ, మీరు ఆ పెద్దాయన వాళ్లకి చెప్పారా?

మత్తు_పీజీ (శుక్రవారం, రాత్రి 10:15)

చెప్పామండీ. అంబులెన్స్ ఎక్కే ముందే మా ప్రొఫెసర్, నేను వాళ్ల అబ్బాయిని పక్కకి పిలిచి చెప్పాం. "సిరలో పెట్టాల్సిన గొట్టం పక్కనున్న ధమనిలోకి వెళ్లింది. పెట్టింది నేను. తీస్తే ప్రమాదం, అందుకే తియ్యకుండా పంపిస్తున్నాం" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరూ బండిలో వస్తారా?" అని అడిగారు. వెళ్లాను. మీ అమ్మగారికి జరిగినదానికి మా వృత్తి తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

ఆయన సంగతి. సీటీలో ట్యూబ్ కరోటిడ్‌లో, కాలర్ ఎముకకి మూడు సెంటీమీటర్ల పైన దిగి ఉంది. తెరిచి కుట్టేశారు. వైరు సిర అంచుని కూడా చీల్చుకుని వెళ్లిందట, దాన్నీ కుట్టారు. మూడో రోజు ఊపిరి కోసం గొంతులో పెట్టిన ట్యూబ్ తీశారు. రెండు చేతులూ ఎత్తారు, పేరు చెప్పారు. డయాలసిస్ ఇంకా తొడ లైన్‌తోనే నడుస్తోంది, మూత్రం నిన్న 400 మిల్లీలీటర్లు వచ్చింది.

ఇంకో సందేహం. సూది మాత్రమే తగిలి, తీసి నొక్కిన కేసుల్లో తర్వాత ఏమేం చూడాలి? అదే పూట రెండో పక్క మెడలో ప్రయత్నించొచ్చా?

పాత_మత్తు_డాక్టర్ (శనివారం, ఉదయం 5:50)

వాపు వస్తే రెండో పక్క మెడ ముట్టుకోకు. రెండు వైపులా వాస్తే శ్వాసకి దారి ఉండదు. తొడకి వెళ్లు. నొక్కేటప్పుడు నాడి పూర్తిగా ఆగేంత నొక్కకు. తర్వాత కొన్ని గంటలు మెడ చుట్టుకొలత టేపుతో కొలిపించి చార్టులో రాయించు, కొలిచిన చోట పెన్నుతో గీత పెట్టించు, లేకపోతే ఒక్కో సిస్టర్ ఒక్కో చోట కొలుస్తుంది. గొంతు మారినా, మింగలేకపోయినా, కనురెప్ప వాలినా, చెయ్యి బలం తగ్గినా వెంటనే పిలవమను. వాపు పెరుగుతుంటే గొంతులో ట్యూబ్ త్వరగా వేసెయ్యి, ఆలస్యమయ్యే కొద్దీ కష్టం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయిన వాళ్లయితే ఒక రాత్రంతా నిఘా ఉంచు.

రక్తనాళాల_సర్జన్ (శనివారం, ఉదయం 9:30)

ఆయనకి డిశ్చార్జ్ ముందు ఒకసారి, కొన్ని వారాలకి ఇంకోసారి డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) తీయించండి. సూది కేసుల్లోనూ వాపు వచ్చినవాళ్లకి ఇదే. డిశ్చార్జ్ కాగితం మీద "కుడి కరోటిడ్ ఆర్టరీకి రంధ్రం పడింది, కుట్టాం" అని తెలుగులో రాసివ్వండి. మెడలో గుర్రుమన్నా, గడ్డలా కొట్టుకుంటున్నా ఏ ఊళ్లో ఏ డాక్టర్‌కి చూపించినా ఆ కాగితం చేతిలో ఉంటుంది.

మత్తు_పీజీ (శనివారం, ఉదయం 9:48)

రాసే ఇస్తాను మేడం. ఎక్స్‌టెన్షన్ లైన్లు పది తెప్పించాం. రాత్రి సిస్టర్, నేను కూర్చుని ప్రతి లైన్ ట్రేలో ఒకటి పెట్టాం.